రాత్రి ఒంటిగంట పుష్పక్

ఒకప్పుడు మా ఇంటికి ఎయిర్‌పోర్టు పది నిమిషాల నడక. మేముండేది బేగంపేట ప్రకాశ్‌నగర్‌లో. విమానం దిగుతుంటే వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. టీవీలో వార్తలు చదివే ఆవిడ పెదాలు కదిలేవి కానీ మాట వినబడేది కాదు. అమెరికా ప్రయాణమైన బంధువులందరికీ ముందురోజు రాత్రి మా ఇల్లే మకాం. వెళ్లేది ఒక్కరే అయినా సాగనంపడానికి గుంటూరు నుంచో, ఖమ్మం నుంచో పదిమంది దిగేవారు. హాల్లో బొంతలు పరిచి, పెద్ద గిన్నెలో పెరుగన్నం కలిపి అందరికీ ముద్దలు పెట్టేదాన్ని. మావారు స్కూటర్ మీద సూట్‌కేస్ పెట్టుకుని ముందు వెళ్తే, మిగతావాళ్లం కబుర్లు చెప్పుకుంటూ వెనకాల నడిచేవాళ్లం. ఏడవాల్సినవాళ్లు ఎయిర్‌పోర్టు దగ్గర ఏడ్చి, మళ్లీ మా ఇంటికొచ్చి కాఫీ తాగి రైలెక్కేవారు.

2008 మార్చిలో ఎయిర్‌పోర్టు శంషాబాద్ వెళ్లిపోయింది. బేగంపేటలో ఇప్పుడు వీఐపీల విమానాలు, అప్పుడప్పుడూ జరిగే ప్రదర్శనలు తప్ప ఏమీ లేవు. మొదట్లో కొన్నాళ్లు చప్పుడు లేక మాకు నిద్ర పట్టలేదంటే మీరు నవ్వుతారు. బంధువులు రావడం కూడా తగ్గిపోయింది. శంషాబాద్ వెళ్లాల్సినవాళ్లు బేగంపేట ఎందుకు వస్తారు?

2015 ఆగస్టులో మా అబ్బాయి ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లాడు. మా పాత మారుతిలో మావారే డ్రైవ్ చేసుకుంటూ తీసుకెళ్లారు. ఆ తర్వాత వాడు ఎప్పుడొచ్చినా తీసుకురావడం, దింపడం ఆయన పనే. మెహిదీపట్నంలో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆరాంఘర్‌లో దిగడం ఆయనకి భలే ఇష్టం. 11.6 కిలోమీటర్లు, ఒక్క సిగ్నల్ లేదు. వెళ్లేటప్పుడు వాడికి జాగ్రత్తలు చెబుతూనే ఉండేవారు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఒక్క మాట ఉండేది కాదు. ఆరాంఘర్ దగ్గర టీ బండి కనబడగానే కారు పక్కకి ఆపి, ‘టీ తాగుదామా?’ అనేవారు. ఆ ఒక్క ప్రశ్న కోసమే నేను ఎదురుచూసేదాన్ని. అది అడిగారంటే ఇక ఫర్వాలేదని అర్థం.

2022లో ఆయన పోయారు. కారు అమ్మేశాం. నాకు డ్రైవింగ్ రాదు, నేర్చుకోమని ఆయన చెప్పినప్పుడల్లా ‘మీరున్నారుగా’ అనేదాన్ని.

ఆ తర్వాత మా అబ్బాయికి నా మీద బెంగ ఎక్కువైంది. ఒక్కదాన్నే ఉండలేనని వాడి భయం. ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేసి, ఊరి చివర పెద్దవాళ్ల కోసం కట్టిన ఫ్లాట్లలో చేరమని మొదలుపెట్టాడు. ‘అక్కడ డాక్టర్ ఉంటాడు, భోజనం వాళ్లే పెడతారు, ఏ టెన్షనూ ఉండదు’ అంటాడు. వాట్సాప్‌లో రంగురంగుల బొమ్మలు పంపాడు. నిజం చెప్పొద్దూ, వాడి మాట తీసేయడానికి నా దగ్గర గట్టి కారణం కూడా లేదు. గ్యాస్ బుక్ చేయడం దగ్గర్నుంచి బ్యాంకు దాకా అన్నీ ఆయనే చూసుకునేవారు.

2024 జనవరిలో వాడు తిరిగి వెళ్లే రోజు. తెల్లవారుజామున నాలుగింటికి విమానం. రాత్రి పన్నెండుకల్లా శంషాబాద్ చేరాం. వెళ్లడానికి క్యాబ్, నేను రావడానికి క్యాబ్, రెండూ వాడి ఫోన్లోనే బుక్ చేశాడు. గేటు దగ్గర జవాను టికెట్, పాస్‌పోర్టు చూసి వాణ్ని లోపలికి పంపాడు. నేను అద్దాల ఇవతలే ఉండిపోయాను. వాడు వెనక్కి తిరిగి చెయ్యూపాడు. ట్రాలీ తోసుకుంటూ జనంలో కలిసిపోయాడు.

నేను కిందికి దిగి క్యాబ్ వెతుక్కున్నాను. డ్రైవర్ బాగానే మాట్లాడాడు కానీ, ‘ఓటీపీ చెప్పండమ్మా’ అన్నాడు. ఓటీపీ వాడి ఫోన్లో ఉంది. వాడి ఫోన్ సెక్యూరిటీ చెకింగ్‌లో ట్రేలో ఉంది. నాలుగుసార్లు చేశాను, ఎత్తలేదు. డ్రైవర్ పది నిమిషాలు చూసి, ‘ఏమనుకోకండి’ అని వెళ్లిపోయాడు. అతన్ని తప్పుపట్టను. కానీ చలిలో, అర్ధరాత్రి, చేతిలో ఫోన్ పట్టుకుని నిలబడితే ఒక్కసారిగా సిగ్గేసింది. ముప్పై ఏళ్లు స్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, సొంత ఊళ్లో ఇంటికెళ్లడానికి కొడుకు పర్మిషన్ నంబర్ కావాల్సి వచ్చింది. నేనూ ఒక సూట్‌కేస్ లాగే అయిపోయాను, ఎవరో ఎక్కించాలి, ఎవరో దింపాలి.

పక్కన శుభ్రం చేసే యూనిఫాంలో ఒకావిడ కనబడింది. నా వాలకం చూసి తనే అడిగింది, ‘ఏడికి పోవాలమ్మా?’ అని. బేగంపేట అన్నాను.

‘పుష్పక్ ఉన్నది కదా, రాత్రంతా తిరుగుతది. అటు నడువుండ్రి, సికింద్రాబాద్ బండి అడగుండ్రి.’

‘నువ్వూ అందులోనే వెళ్తావా?’ అన్నాను, తోడు దొరుకుతుందని ఆశ.

ఆవిడ నవ్వింది. ‘అండ్ల మాకు ఫ్రీ లేదమ్మా. డ్యూటీ అయినంక పొద్దుగాల శంషాబాద్ పోయి ఆర్డినరీ ఎక్కుత.’

ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం అంతకు నెల ముందే, డిసెంబరు 9న మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లోనే అది. విమానాల దగ్గర పనిచేసే ఆడవాళ్లు ఊళ్లోకి వెళ్లి బస్సెక్కాలన్న సంగతి నాకు ఆ రాత్రే తెలిసింది.

బస్సు నిలబడే ఉంది. కరెంటు బస్సు, ఇంజిన్ చప్పుడు లేదు. టికెట్ తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. క్యాబ్‌కయ్యే దాంట్లో మూడో వంతు కూడా కాలేదు. లోపల సామాను పెట్టుకునే చోట ప్లాస్టిక్ తాడుతో బిగించి కట్టిన అట్టపెట్టెలు ఉన్నాయి. వాటి మీద నల్ల మార్కర్‌తో పేరు, ఊరు, జగిత్యాల జిల్లా అని పెద్ద అక్షరాలు. ఆ పెట్టెల ఆసామి నా వెనక సీట్లోనే ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. దుబాయ్ నుంచి అప్పుడే దిగాడట. జేబీఎస్‌లో దిగి జగిత్యాల బస్సు పట్టుకోవాలి.

‘ఎవర్ని తోలియ్య వచ్చిన్రమ్మా?’ అని అడిగాడు.

‘మా అబ్బాయిని. అమెరికా వెళ్తున్నాడు.’

‘ఎన్నేండ్లకు వచ్చిండు?’

‘ఏడాదికోసారి వస్తాడు నాయనా.’

‘నయం’ అన్నాడు. ‘నేను నాలుగేండ్లకు వస్తున్న. బిడ్డ పుట్టిన మూడు నెలలకు పోయిన. ఇప్పుడు అంగన్‌వాడీకి పోతున్నదట. ఫోన్ల అయితే మంచిగనే మాట్లాడుతది. ఎదురుంగ చూస్తే ఏడుస్తదేమోనని భయమైతున్నది.’

నాకేం చెప్పాలో తోచలేదు. ‘మొదటిరోజు ఎత్తుకోవద్దు. ఎదురుగా కూర్చుని ఊరికే ఏదో తింటూ ఉండు. తనే వస్తుంది’ అన్నాను. చిన్నపిల్లల క్లాసులు తీసుకున్నప్పుడు నేను చేసిన పని అదే. అతను శ్రద్ధగా విని, ‘చాక్లెట్లు తెచ్చిన’ అన్నాడు.

అప్పుడు చుట్టూ చూశాను. వచ్చినవాళ్లు కొందరు, నాలాగా దింపి వెళ్తున్నవాళ్లు కొందరు. చూడగానే తెలిసిపోతుంది. వచ్చినవాళ్లు కిటికీలోంచి బయటికి చూస్తారు. దింపినవాళ్లు ఫోన్ చూసుకుంటారు, సెక్యూరిటీ అయిందా, గేటు దగ్గరికి వెళ్లాడా అని. ముందు సీట్లో ఒక పెద్దాయన కొంగుతో ముఖం తుడుచుకుంటున్న భార్యకి మంచినీళ్ల సీసా అందించాడు. ఏమీ మాట్లాడలేదు. ఆయన్ని చూస్తే మావారు గుర్తొచ్చారు. పాత రోజుల్లో మా హాల్లో కాఫీ తాగిన బంధువులంతా కూడా గుర్తొచ్చారు. వాళ్లు ఇప్పుడు ఈ బస్సులో ఉన్నారనిపించింది.

ఆరాంఘర్ వచ్చింది. బస్సు ఆగింది, ఒకరు దిగారు. టీ బండి ఎక్కడుందో చూడబోయాను, కనబడలేదు. బస్సు ఫ్లైఓవర్ ఎక్కింది. కింద రోడ్డు మీద పిల్లర్ నంబర్లే ఇళ్లకీ షాపులకీ చిరునామాలు, పైనుంచి అవేమీ తెలియవు. ఊరంతా దీపాలే. ఆ పూట నాకు ఏడుపు రాలేదు. బేగంపేటలో దిగేసరికి రెండు దాటింది. పాల వ్యాన్ అప్పుడే క్రేట్లు దింపుతోంది. ఇంటికొచ్చి తాళం తీసి, వాడికి ‘చేరాను’ అని మెసేజ్ పెట్టాను. ఎలా చేరానో చెప్పలేదు.

దాచినా దాగలేదు. క్యాబ్ రద్దయిన డబ్బులు వాడి కార్డులో కట్ అయ్యాయి. డల్లాస్‌లో దిగగానే ఫోన్.

‘అమ్మా, అర్ధరాత్రి బస్సేంటమ్మా? ఏదైనా అయితే? డబ్బులు నేనిస్తాను కదా!’

‘డబ్బుల గురించి కాదురా’ అన్నాను. కానీ దేని గురించో అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను.

బస్సు గొప్పదని చెప్పడం లేదు. ఒక్కోసారి అరగంట నిలబడాలి. ఊళ్లో స్టాపుల దగ్గర పుష్పక్ ఎక్కడ ఆగుతుందో తెలిసేలా సరైన బోర్డు ఉండదు. రెండు సూట్‌కేసులున్న పెద్దవాళ్లకి ఎక్కడం కష్టమే. మా ఇంటి దగ్గర మెట్రో 2017 నవంబరులోనే వచ్చింది, కానీ అది ఎయిర్‌పోర్టుకి వెళ్లదు. 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, తర్వాత దారి మారింది. ఢిల్లీలో 2011 నుంచి, చెన్నైలో 2016 నుంచి జనం మెట్రోలో విమానం దగ్గరికి వెళ్తున్నారు. ఎంఎంటీఎస్ ఉందానగర్ దాకా వస్తుంది, కానీ అక్కణ్నుంచి మళ్లీ ఆటో వెతుక్కోవాలి. ఇన్ని లోపాలున్నా, చేయెత్తితే ఆగి, టికెట్ కొంటే ఎక్కించుకుని, ఓటీపీ అడగకుండా ఇంటి దగ్గర దింపే బండి ఇదొక్కటే నాకు దొరికింది. ఆ ధైర్యంతో గ్యాస్ బుక్ చేయడం నేర్చుకున్నాను. బ్యాంకుకి వెళ్లి నామినీ పేరు మార్పించాను. క్యాబ్ కూడా ఇప్పుడు నా ఫోన్లో బుక్ చేసుకోగలను. అవసరమైతే చేస్తాను కూడా.

మొన్న సంక్రాంతికి వాడు మళ్లీ వచ్చాడు. వెళ్లే రోజు నేనే అన్నాను, ‘ఈసారి పుష్పక్‌లో వెళ్దాం’ అని. మొహం ముడుచుకున్నాడు కానీ కాదనలేదు. ఒకే సూట్‌కేస్ ఉంది. పక్కపక్కన కూర్చున్నాం. ఫ్లైఓవర్ దిగి ఆరాంఘర్ రాగానే, ‘ఇక్కడే మీ నాన్న టీకి ఆపేవారు’ అన్నాను.

వాడు నా వైపు తిరిగాడు. ‘ఎప్పుడు? నాతో ఎప్పుడూ ఆపలేదే?’

అప్పుడు నాకు తెలిసింది. వాడికి ఈ రోడ్డు సగమే తెలుసు. దింపడానికి వెళ్లే సగం. తిరిగొచ్చే సగంలో వాడు ఎప్పుడూ లేడు. వాళ్ల నాన్న ఏం చేసేవారో, ఎంతసేపు మాట్లాడకుండా ఉండేవారో, టీ తాగుతూ ఒక్కోసారి కళ్లజోడు తీసి ఎందుకు తుడుచుకునేవారో వాడికెలా తెలుస్తుంది? ఎయిర్‌పోర్టు వచ్చేదాకా అదంతా చెప్పాను. వాడు ఏమీ అనలేదు. నా చేతిలోని సంచీ తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు.

అద్దాల దగ్గర కాళ్లకి దణ్ణం పెట్టి లేస్తూ, ‘తిరిగి వెళ్లేటప్పుడు ఆరాంఘర్‌లో దిగి టీ తాగు. తర్వాత బస్సులో వెళ్లు’ అన్నాడు.

‘అర్ధరాత్రి బస్సు వద్దన్నావుగా?’

‘తాగి ఫోన్ చెయ్యి’ అన్నాడంతే.

దిగలేదు. దిగితే మళ్లీ బస్సు ఎప్పుడొస్తుందో ఏమో. కానీ ఇంటికొచ్చి, రెండున్నరకి స్టవ్ వెలిగించి టీ పెట్టుకున్నాను. వాడికి ఫోన్ చేశాను. గేటు దగ్గర కూర్చున్నాడట, మొదటి రింగుకే ఎత్తాడు. ఇల్లు అమ్మే సంగతి ఈసారి వాడు ఎత్తలేదు. నేనూ గుర్తుచేయలేదు.