తళి నుంచి కుప్పం దాకా

మా పాప డిగ్రీ చివరి పరీక్షలు రాసి వచ్చిన రాత్రి సంగటి తింటా తింటా అన్నాది, "అమ్మా, నేను ఇంక తెలుగు చదవాల" అని. నేను ఆ రోజు రెండో షిఫ్టు చేసి వచ్చినాను. కోన్ వైండింగ్‌లో ఎనిమిది గంటలు నిలబడి వచ్చిన మనిషికి ఆ మాట మొదట చెవికెక్కలేదు. "తెలుగు నీకు వచ్చు కదా, ఇంకేం చదవాల?" అంటిని. అది నవ్వింది గానీ మాట మార్చలేదు.

మన కాలనీలో చానా ఇండ్లల్లో ఇదే ప్రశ్న ఉండాది. మన పిల్లోళ్లు తళిలోనో, హోసూరులోనో, డెంకణికోటలోనో తెలుగు బడిలో చదువుతారు. 2006లో తమిళం నేర్చుకునే చట్టం వచ్చినాక ఒకటో తరగతి నుంచి తమిళం కూడా చదవాల్సిందే. అది మంచిదే, ఈ రాష్ట్రంలో బతికేవాళ్లకు తమిళం కావాల. కానీ ప్లస్ టూ దాటినాక తెలుగు యాడికి పోతుంది? ఇంట్లో మాట్లాడే మాటగా, పెండ్లి పత్రిక మీది అక్షరంగా మిగులుతుంది. తెలుగు బళ్లల్లో అయివార్ల జాగా ఖాళీ అయితే అందులోకి రావడానికి మన పిల్లోళ్లే తెలుగు ముఖ్య సబ్జెక్టుగా చదివి ఉండాల కదా. మా పాప ఆలోచన అది. అయివారమ్మ కావాలని దాని ఆశ.

దాని డిగ్రీ కృష్ణగిరి ప్రభుత్వ ఆడపిల్లల కాలేజీలో. ఆ డిగ్రీ మీద ముద్ర సేలంలో ఉండే పెరియార్ విశ్వవిద్యాలయానిది. సేలం, నామక్కల్, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల ఆర్ట్స్ కాలేజీలు దాని కిందే ఉండాయి. ఈమధ్యనే మన తళికి వచ్చిన ప్రభుత్వ కాలేజీ కూడా అంతే. 1997 సెప్టెంబరు 17న, పెరియార్ పుట్టినరోజున దాన్ని మొదలుపెట్టినారు. (పెరియార్ ఇంటి మాట కన్నడం అని మా పాప చెప్తే నేను నమ్మలేదు. నిజమేనంట.) ధర్మపురి దగ్గర పైసుహళ్లిలో ఆ విశ్వవిద్యాలయానికి పీజీ కేంద్రం కూడా ఉండాది. బస్సు ఉంది, తెలిసిన దారి, ఫీజు భరించుకోవచ్చు. మా ఆయన మాట ఇదే: "పైసుహళ్లిలో ఏదో ఒకటి చేరు, శని ఆదివారాలు ఇంటికొస్తావు."

కానీ అదే 1997లో మనకు ఇంకో పక్క ఇంకో విశ్వవిద్యాలయం పుట్టింది. అది కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయం. ఆంధ్ర ప్రభుత్వం చట్టం చేసి పెట్టింది, తమిళనాడు, కర్ణాటక, కేరళ ప్రభుత్వాలు కూడా చేయి వేసినాయి. మూడు రాష్ట్రాలు కలిసే మూల కాబట్టి కుప్పాన్ని ఎంచుకున్నారు. ఆ మూలకు ఈ పక్కన ఉండే వాళ్లం మనం. ఇన్నేండ్లూ నేను ఆ పేరు విన్నదే లేదు! మిల్లులో మా సూపర్‌వైజరుకు తెలుసు, మాకు తెలీదు.

సరే, చూసి వద్దామని ఒక బుధవారం, నాకు వారం సెలవు రోజు, తెల్లారుజామున బయలుదేరినాం. తళి నుంచి హోసూరు పాతిక కిలోమీటర్ల పైమాట. చలి. మన ఊరిని తెల్లదొరలు 'చిన్న ఇంగ్లండు' అని ఎందుకన్నారో ఆ పొద్దులో తెలుస్తుంది. పాలీహౌసుల నుంచి రోజాపూల బండ్లు అప్పుడే హోసూరు మార్కెట్టుకు పోతా ఉండాయి. హోసూరు నుంచి కృష్ణగిరి యాభై కిలోమీటర్లు, పెద్ద రోడ్డు, చెప్పేదానికి ఏమీ లేదు. మామిడికాయల కాలం కాబట్టి కృష్ణగిరిలో ఎటు చూసినా తోతాపురి లోడ్లే, గుజ్జు ఫ్యాక్టరీలకు పొయ్యేవి.

కృష్ణగిరి బస్టాండులో కుప్పం బస్సెక్కినాం. మహారాజకడై మీదుగా ముప్పై అయిదు, నలభై కిలోమీటర్లు. రోడ్డు కొండల మధ్యన పోతుంది. యాడ తమిళనాడు అయిపోయి ఆంధ్ర మొదలైందో భూమి చెప్పదు, అదే ఎర్రమన్ను, అదే చింతచెట్లు, అవే గుండ్లు. బోర్డులు చెప్తాయి. ఒక మలుపులో ఉన్నట్టుండి అంగడి పేర్లు, గోడ మీది సిమెంటు ప్రకటన, బడి పేరు అన్నీ తెలుగు అయిపోయినాయి. మా పాప కిటికీకి ఆనుకొని ఒకటొకటీ పైకి చదువుతా ఉంది, చిన్నబిడ్డ మాదిరి. డిగ్రీ చదివిన పిల్ల. నాకు నవ్వొచ్చింది, ఎందుకో కండ్లల్లో నీళ్లు కూడా వచ్చినాయి. పక్కన కూర్చున్న ముసలమ్మ "యా ఊరు మ్మా మీది?" అని అడిగింది. మన యాస! మన మాదిరే మాట్లాడతాంది. తిరుపతిలో ఉండే మా చుట్టాలు మాది 'అరవ తెలుగు' అని ఎగతాళి చేస్తారు. ఈ ముసలమ్మను వాళ్లకు చూపించాల అనిపించింది. హోసూరు, కుప్పం, కోలారు కలిపి మొరసునాడు అనేవాళ్లు మన పెద్దలు. గీతలు తర్వాత వచ్చినాయి.

కుప్పం ఊరు రైలు కట్ట పక్కన ఉండాది. బెంగళూరు నుంచి జోలార్‌పేట పోయే దారి అది. హోసూరు రైలు దారి వేరే, సేలం పక్కకు పోతుంది, కాబట్టి మనకు బస్సే గతి. ఊరి నుంచి విశ్వవిద్యాలయానికి ఆటో. ఆ చోటి పేరు శ్రీనివాసవనం.

వెయ్యి ఎకరాల పైచిలుకు. మన మిల్లు, కాలనీ, చుట్టూ ఉండే తోటలు కలిపినా దాంట్లో ఒక మూలకు రావు. చెట్లు, ఖాళీ నేల, దూరం దూరంగా కట్టడాలు. సెలవులు కాబట్టి పిల్లోళ్లు తక్కువ. ఇంత జాగాలో ఇంత నిశ్శబ్దం నాకు అలవాటు లేదు. మిల్లు మోత చెవిలో ఎప్పుడూ ఉంటుంది మనకు, ఆడ ఆ మోత లేకపోతే చెవులు గుయ్యిమన్నాయి.

ఇప్పుడు చదువుల సంగతి. తెలుగు ఉంది, తెలుగుతో పాటు అనువాద చదువు కూడా ఉంది. తమిళం, కన్నడం ఉండాయి. తుళు కోసం కూడా ఒక కేంద్రం ఉండాదంటే ఆశ్చర్యపడినాను, సొంత రాష్ట్రం లేని మాట అది. భాషాశాస్త్రం, జానపద, గిరిజన అధ్యయనం, చరిత్ర, పురావస్తువు, ద్రావిడ సాహిత్యాలను పోల్చి చదవడం ఇవన్నీ దాని అసలు పని. వీటితో పాటు మామూలు చదువులూ ఉండాయి: ఇంగ్లీషు, కామర్స్, కంప్యూటర్లు, బయోటెక్నాలజీ, బీఎడ్. ప్రసారాంగం అని ఒక విభాగం పుస్తకాలు అచ్చేస్తుంది. దీనికి మొదటి ఉపకులపతి గణితం అయివారు, పి.వి. అరుణాచలం గారు. భాషాశాస్త్రవేత్త వి.ఐ. సుబ్రమణ్యం గారు కూడా దీని వెనక నిలబడినారు. తంజావూరు తమిళ విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతి కూడా ఆయనే. ఒక పెద్దమనిషి తమిళానికీ తెలుగుకూ కలిపి పనిచేసినాడు, మనం బస్సులో సీటు కాడ భాష పేరు చెప్పి తగువులాడతాం.

అక్కడ పరిశోధన చేసే ఒక అమ్మాయి చెట్టు కింద కూర్చొని ఉంటే మా పాప పోయి మాట కలిపింది. ఆ యమ్మ చెప్పిన సంగతి నాకు బాగా నచ్చింది, అందుకే రాస్తా ఉండా. తెలుగులో 'పాలు', తమిళంలో 'పాల్', కన్నడంలో 'హాలు'. మనం 'పులి' అంటే కన్నడంవాళ్లు 'హులి' అంటారు. మన 'పువ్వు' వాళ్లకు 'హూవు'. వెయ్యేండ్ల కిందట కన్నడంలోనూ అది 'ప'నే, తర్వాత 'హ' అయింది. అట్లనే తమిళంలో 'పుదు' అంటే కొత్త, పాత కన్నడంలో 'పొస', ఇప్పుడు 'హొస'. మా పాప టక్కున అన్నాది, "అంటే మన హోసూరు?" అని. అవును, హొస ఊరు, కొత్తూరు! తమిళంవాళ్లు 'హ' పలకక 'ఒసూరు' అని రాస్తారు. నలభై ఏండ్లుగా నేను బస్సు బోర్డు మీద చూస్తా ఉండే పేరు, దాని కడుపులో ఇంత కథ ఉండాది.

'చెవి' తెలుగులోనూ తమిళంలోనూ చెవే, కన్నడంలో 'కివి'. తమిళంలోనూ కన్నడంలోనూ 'కై' అంటే మన 'చెయ్యి'. ఇట్ల వరస కలిసి మారతాయి కాబట్టి ఇవన్నీ ఒక తల్లి బిడ్డలని తేల్చినారంట. ఆ మాట మొదట అచ్చులో వచ్చింది ఒక తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో, 1816లో. రాసింది మద్రాసు కలెక్టరు ఎల్లిస్. కాల్డ్‌వెల్ పాదిరి పెద్ద పుస్తకం దాని తర్వాత నలభై ఏండ్లకు, 1856లో వచ్చింది. ఈ ఇంట్లో మనమే కాదు, ఆదిలాబాదు గోండులు, ఒరిస్సా కుయి వాళ్లు, నీలగిరి తొదవలు, పాకిస్తాను బలూచిస్తానంలో బ్రాహుయి మాట్లాడేవాళ్లు కూడా ఉండారు. అంచెట్టి కొండల నుంచి తేనె దించి మన సంతకు వచ్చే ఇరుళరు మాట కూడా అదే కుటుంబం. మనం వాళ్ల మాటను మాటగా లెక్కపెట్టినామా ఎప్పుడన్నా?

ఇంతవరకు సంతోషం. ఆఫీసు కాడ తెలుసుకున్నది కొంచెం కష్టంగా ఉండాది, దాన్ని దాచకుండా రాస్తాను. మీ పిల్లోళ్లకు పనికొస్తుంది.

ఆంధ్రలో పీజీ సీట్లకు 2021 నుంచి అన్ని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకూ కలిపి ఒకటే ప్రవేశ పరీక్ష, పీజీసెట్. దరఖాస్తు ఇంటర్నెట్టులోనే. బీఎడ్‌కు వేరే, ఎడ్‌సెట్. సీట్లలో నూటికి 85 స్థానికులకు, రాజ్యాంగంలో 371-డి కింద వచ్చిన రూలు అది. మిగిలిన 15కూ షరతులు ఉండాయి. మనం స్థానికులం కాము. మనం తీసుకున్న తమిళనాడు జాతి సర్టిఫికెట్టుకు అక్కడ రిజర్వేషను లేదు. ఆంధ్ర ప్రభుత్వం ఇచ్చే ఫీజు సాయం ఆంధ్ర పిల్లోళ్లకే. కాబట్టి పక్క రాష్ట్రం పిల్ల ఏ కోవ కింద దరఖాస్తు పెట్టాలో, ఏ సబ్జెక్టుకు ఏ డిగ్రీ ఒప్పుకుంటారో, హాస్టలు ఖర్చుతో కలిపి ఏడాదికి ఎంతవుతుందో ముందే అడిగి రాసుకోండి. నేను ఫీజు అంకెలు ఇక్కడ రాయను, ఏడాదికేడాది మారతాయి.

ఇంకొకటి. చదివి తిరిగి వచ్చి మన తెలుగు బడిలో అయివారమ్మ కావాలంటే తమిళనాడు టెట్ రాయాల. రాష్ట్ర ఉద్యోగ పరీక్షల్లో తమిళం పేపరు కూడా గట్టెక్కాల. అందుకని తమిళం వదిలేయొద్దని పాపకు గట్టిగా చెప్పినాను. ఆ రెండు కాళ్లూ ఉంటేనే మనం ఇక్కడ నిలబడేది.

దూరవిద్య సెంటర్ల సంగతీ ఒకసారి చెప్పాల. మా వీధిలో ఒక అబ్బాయి ఇంట్లో కూర్చొనే డిగ్రీ అని ఏదో సెంటర్లో డబ్బు కట్టినాడు. ఉద్యోగానికి పోతే ఆ కాగితం చెల్లదన్నారు. తల్లి కమ్మలు అమ్మిన డబ్బు అది. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం తన రాష్ట్రం దాటి ఇట్లాంటి సెంటర్లు పెట్టకూడదని యూజీసీ 2013లోనే చెప్పింది. ఏ సెంటరు బోర్డు చూసినా, ఆ చదువుకు యూజీసీ అనుమతి ఉందా లేదా అని యూజీసీ వెబ్‌సైటులో చూసినాకే డబ్బు తీయండి. మన పిల్లోళ్లకు ఫోనులో అది అయిదు నిమిషాల పని.

గేటు బయట టీ అంగడిలో ఒకాయన మేం మాట్లాడుకునేది విని, "తమిళనాడోళ్లా? తెలుగు బాగా మాట్లాడతారే!" అన్నాడు. మెచ్చుకుందామనే అన్నాడు. మా పాప నా పక్కకు చూసింది. నేను టీ డబ్బులిచ్చి వచ్చేసినాను. ఏం చెప్తాం ఆయనకు?

తిరుగు బస్సులో అది చానాసేపు మాట్లాడలేదు. కృష్ణగిరి దగ్గరపడినాక అన్నాది, "అమ్మా, స్థానికం కాదంటే కాదులే. పరీక్ష రాయనిస్తారు కదా, రాస్తాను." పైసుహళ్లికి కూడా దరఖాస్తు పెడతానంది, వాళ్ల నాయన మాట కోసం. రెండిట్లో ఏది ముందొస్తే అది అని నేను అనలేదు. అది చెట్టు కింద ఆ యమ్మతో మాట్లాడేటప్పుడు దాని మొగం చూసినాను కదా.

ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. పొద్దున ఆరుకు మొదటి షిఫ్టు. మా ఆయన సంగటి కెలికి, ఉలవచారు కాచి పెట్టినాడు. "ఎట్లుంది?" అని అడిగినాడు. "దూరమే గానీ, అక్కడోళ్లు మన మాదిరే మాట్లాడతారు" అంటిని. ఆయన కొంచెం సేపు ఊరికే ఉండి, "హాస్టలుకు ఎంతవుతుందంట?" అన్నాడు.

కాలనీ చీటీ పాట వచ్చే ఆదివారం. ఈసారి నేను పాడతానని అక్కతో చెప్పి పెట్టినాను.