బాహ్వంగములు – తెలుగు పలుకుబడి

శరీరావయవములలో పలుకుబడులను మిక్కిలిగా కన్నది చేయి. భుజ, బాహు, ప్రవేష్ట, దోశ్శబ్దములు మొత్తము చేతికి పర్యాయములు. అమరసింహుడు మనుష్యవర్గమున ఆ చేతిని భాగములుగా విడదీసి వేర్వేరు నామములు చెప్పెను. మూపు అంసము, చంక కక్షము, మోచేయి కూర్పరము. దానికి పైభాగము ప్రగండము, క్రిందిభాగము ప్రకోష్ఠము. మణికట్టు మొదలు చిటికెనవ్రేలి వఱకు గల వెలుపలి అంచునకు సైతము కరభమను పేరు కలదు. తెలుగున మూపు, జబ్బ, మోచేయి, ముంజేయి, అఱచేయి అను దేశ్యములు ఈ విభాగమునకు తోడు నిలుచుచున్నవి. మణిబంధము మాత్రము సగము అనువాదమై మణికట్టు అయినది. ‘చేయి’ తమిళ కన్నడములలోని ‘కై’ శబ్దమునకు సోదరము. కైవసము, కైదండ, కైకొనుట వంటి మాటలలో ఆ ప్రాచీన కకారము నేటికిని నిలిచియున్నది.

సుశ్రుతుడు శారీరస్థానము పంచమాధ్యాయమున ఒక్కొక్క శాఖకు 30 అస్థులు చెప్పెను. కాలికి లెక్కచెప్పి, చేతికి దానినే అతిదేశించెను. వ్రేళ్లకు మూడేసి చొప్పున 15, తలాదులకు 10, తక్కినవి 5. నేటి శారీరశాస్త్రమున దండచేతికి 1, ముంజేతికి 2, మణికట్టునకు 8, అఱచేతికి 5, వ్రేళ్లకు 14, మొత్తము 30. సంఖ్య సరిపోయినది గాని విభాగము సరిపోలేదు. బొటనవ్రేలికి నేటివారు రెండే ఎముకలు చెప్పుదురు. కావున మొత్తము కలిసినదని సంతసించి ఊరకుండుట పరిశోధకునకు తగదు. సుశ్రుతుడే శాఖకు 11 మర్మములు చెప్పి, కూర్పరమున దెబ్బతగిలిన కుణిత్వమును, మణిబంధమున తగిలిన కుంఠత్వమును ఫలములుగా నిరూపించెను.

పలుకుబడులు సైతము ఈ అంగవిభాగమును తప్పక అనుసరించుట గమనింపదగినది. మోచేయి నోటి వైపునకు వంగును గాని నోటికి అందదు. అందుచేత అందని లాభము ‘మోచేతి బెల్లము’ అయినది. ఒకడు దోసిట త్రాగుచుండగా మోచేతి నుండి కారు నీరే మఱియొకనికి దక్కుట పరాధీనత. అదియే ‘మోచేతి నీళ్లు త్రాగుట’. భుజము బరువునకు స్థానము గనుక బాధ్యతను భుజమున వేసికొందురు. గుమ్మడికాయల దొంగ భుజములనే తడుముకొనును. అఱచేయి కంటికి ఎదుటనుండును. కావున కరతలామలకమును, ముంజేతి కంకణమునకు అద్దమేల యను సామెతయు ప్రత్యక్షమునకు నిదర్శనములు. క్రియ మాఱినచో అర్థము తలక్రిందులగును. చేయూత నిచ్చుట ఉపకారము, చేయి ఇచ్చుట ద్రోహము. చేయి చేసికొనుట కొట్టుట, చేయి తడుపుట లంచము, చేయి తిరుగుట నైపుణ్యము. ఇచ్చట యోగము కంటె రూఢియే బలీయము.

శ్రీకాకుళము జిల్లా సంతబొమ్మాళి ప్రాంతమున ఈ విషయము మఱింత స్పష్టమగును. నౌపడ ఉప్పుమళ్లలో ఉప్పు లాగు చేతులు, భావనపాడు తీరమున వల లాగు చేతులు, పలాసలో జీడిపిక్క కొట్టి దాని నూనెకు పొక్కిన వ్రేళ్లు – వీరందఱి నోట ‘రెక్కాడితే గాని డొక్కాడదు’ అను మాట వినవచ్చును. రెక్క పక్షిది, మనుష్యునియందు లక్షణచే చేయి. ఈ లక్షణ కేవలము కవికల్పితము కాదు. సమీపమున తేలినీలాపురము చెట్లపై గూడు కట్టు గూడబాతు రెక్కలోను, మానవుని చేతిలోను ఎముకల అమరిక ఒక్కటియే: పైన ఒకటి, క్రింద రెండు, ఆపై మణికట్టు, వ్రేళ్లు.

పొరుగున ఉన్న ఉద్దానమున ఈ సామెతకు దారుణమైన అర్థమొకటి ఏర్పడినది. అచ్చట మూత్రపిండవ్యాధి అనేక కుటుంబములను క్రుంగదీసినది. దాని కారణము ఇదమిత్థమని నేటికిని తేలలేదు. డయాలసిస్‌తో రక్తశుద్ధి చేయించుకొను రోగికి సాధారణముగా మణికట్టు కడ ధమనిని సిరతో కలుపుదురు. ఈ పద్ధతి 1966లో ప్రకటితమైనది. కొన్ని వారములకు సిర బలిసి సూదికి అనువగును. పైన వ్రేలుంచిన జుమ్మను కంపము తెలియును. అటుపై ఆ చేత బరువులెత్తరాదు, రక్తపుపోటు చూడరాదు. పలుమాఱు ఈ పని ఎడమచేతికే చేయుదురు. ఎడమచేయి ప్రాణమును కాపాడగా, కుడిచేయి ఒక్కటియే కూడు తేవలెను. రెక్క ఆడరాదు, డొక్క ఆడకతప్పదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండవ్యాధి పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడినవి. చికిత్స ఊరికి చేరువైనది గాని కూలి మాట అట్లే మిగిలినది.

నిఘంటువులలో ‘రెక్కాడు’ అనుదానికి పనిచేయుట యని వ్రాసినచో అర్థము తెలియును, బరువు తెలియదు. ప్రాచ్యకళాశాలల విద్యార్థులు ఉప్పుమళ్లకు, జీడి బట్టీలకు, చికిత్సాలయములకు పోయి, ఏ అంగమును గుఱించి ఏ మాట ఎవరు ఏ సందర్భమున పలుకుచున్నారో వ్రాసికొనుట అవసరము. అమరసింహుడు కరభమునకు సైతము పేరు విడువలేదు. కష్టజీవుల చేతి మాటలను విడుచుట ఆ సంప్రదాయమునకు తగదు.