చదవని నాలుగు పేపర్లు

హెచ్-ఇండెక్స్ అనే మాట నేను మొదట చూసింది లీట్‌కోడ్‌లో, 274వ ప్రాబ్లంగా. ఒకరి పేపర్లకి ఎన్నెన్ని సైటేషన్లు వచ్చాయో ఇస్తారు. 10, 8, 5, 4, 3 అనుకోండి. కనీసం 4 సైటేషన్లు వచ్చిన పేపర్లు 4 ఉన్నాయి, కనీసం 5 వచ్చినవి 5 లేవు. కాబట్టి జవాబు 4. సార్ట్ చేసి ఒక లూప్ తిప్పాను, గ్రీన్ టిక్ వచ్చింది, మర్చిపోయాను.

మళ్ళీ గుర్తొచ్చింది మినీ ప్రాజెక్ట్ పేపర్ రాసేటప్పుడు. గైడ్ సార్ డ్రాఫ్ట్ చూసి, "బాగుందమ్మా, రిఫరెన్సుల్లో ఈ నాలుగు కూడా పెట్టెయ్" అని వాట్సాప్‌లో పంపారు. నాలుగూ సార్ పేపర్లే. ఒక్కటీ చదవకుండా పెట్టేశాను.

ఆ రాత్రి గూగుల్ స్కాలర్‌లో సార్ ప్రొఫైల్ చూశాను. నేను పెట్టిన నాలుగూ రేపు ఆ అంకెల్లో కలుస్తాయి. సార్ మీద కోపం రాలేదు. ప్రమోషన్‌కీ, కాలేజీ ర్యాంకుకీ అందరూ అడిగేది ఆ అంకెలే కదా.

హెచ్-ఇండెక్స్‌ని 2005లో జార్జ్ హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ప్రతిపాదించారు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంతకన్నా పాతది. యూజీన్ గార్ఫీల్డ్ దాన్ని తయారు చేసింది జర్నల్స్ ఎంచుకోవడానికి, మనుషుల్ని తూచడానికి కాదు. దాంతో మనుషుల్ని తూచొద్దని 2012లో శాన్ ఫ్రాన్సిస్కో డిక్లరేషన్ కూడా వచ్చింది.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి మీద పేపర్ రాశారు. దశాబ్దాల పాటు ల్యాబుల్లో వాళ్ళు దాన్ని సైట్ చేస్తూనే ఉన్నారు. ఎవరో పెట్టమన్నారని కాదు, వాడుకున్నారు కాబట్టి. అయినా హార్వర్డ్‌లో ఆయనకి పర్మనెంట్ పోస్టు రాలేదు. అంకెకి విలువ ఉంటుంది, కానీ అదే మనిషి విలువ కాదు.

రెండు రాత్రులు కూర్చుని ఆ నాలుగూ చదివాను. ఒకటి నిజంగానే పనికొచ్చింది, డేటా క్లీనింగ్‌లో మేం చేసిన తప్పు దాంట్లోనే దొరికింది. దాన్ని ఉంచి మిగతా మూడూ తీసేశాను. ఇంటర్నల్ మార్కులు సార్ చేతిలోనే ఉన్నాయి, అందుకే వణుకుతూనే వెళ్ళాను.

"సార్, ఇదొక్కటే వాడాం. మిగతావి మన టాపిక్ కాదు సార్."

సార్ కాసేపు స్క్రీన్ వైపే చూశారు. "నాలుగూ చదివావా?"

"చదివాను సార్."

"సరే, అలాగే పంపు."

మార్కులు ఇంకా రాలేదు.