ఆరుకి రెట్టింపు పన్నెండు కాదండోయ్!

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఒక అలవాటు. యూజర్లు రెట్టింపైతే సర్వర్లు కూడా రెట్టింపు చేసేస్తే సరి అనుకుంటాం. వంటింట్లో కూడా ఇదే లెక్క నడుస్తోంది, కాకపోతే అక్కడ తగలబడేది సొంత డబ్బు.

పాడేరులో మా పిన్ని కూతురు ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. 2022 ఏప్రిల్లో అల్లూరి సీతారామరాజు జిల్లాకి పాడేరు ముఖ్యపట్టణం అయ్యాక ఆఫీసులొచ్చాయి, ఉద్యోగులొచ్చారు, వాళ్ళ పిల్లల పుట్టినరోజులూ వచ్చాయి. తన దగ్గరున్నది అరకిలో కేకుకి సరిపడే ఆరంగుళాల టిన్ను. మొదటిసారి కిలో కేకు ఆర్డరు రాగానే "అన్నయ్యా, పన్నెండంగుళాలది కొనమంటున్నారు, కొనెయ్యనా?" అని ఫోను.

వద్దమ్మా, ఎనిమిది చాలు అన్నాను. గుండ్రటి గిన్నెలో పెరిగేది వ్యాసం కాదు, దాని వర్గం. ఆరంగుళాల టిన్ను అడుగు 28 చదరపు అంగుళాలు. ఎనిమిదిది 50, అంటే దాదాపు రెట్టింపే. పన్నెండుది 113, నాలుగు రెట్లు! రెట్టింపు పిండి అందులో పోస్తే సగం ఎత్తుకే పరుచుకుని, మధ్య ఉడికేలోగా అంచులు ఎండి అప్పడం అయ్యేది. గుడ్లూ పోయేవి, ఆర్డరూ పోయేది.

ఈ లెక్కలు గుర్తుండవంటారా? టిన్ను నిండా నీళ్ళు పోసి తూచండి. ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు. పాత గిన్నెకీ కొత్త గిన్నెకీ ఉన్న నిష్పత్తే పిండికీ వాడండి. గుండ్రం, పలక, పొడుగు, ఏ ఆకారమైనా ఇదే సూత్రం. పిండి మాత్రం సగం నుంచి మూడింట రెండొంతుల దాకానే. పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి కేకు త్వరగా పొంగుతుంది, పొంగి కూలుతుంది కూడా. సగానికే ఆపడం మేలు.

ఇక లోహం సంగతి. సత్తు గిన్నె స్టీలు కంటే పది రెట్లకు పైనే వేడిని ప్రసరింపజేస్తుంది, అందుకే కేకు అన్నివైపులా సమంగా ఉడుకుతుంది. నల్ల టిన్ను వేడిని ఎక్కువ పీల్చుకుని అడుగు మాడుస్తుంది. గాజుది నెమ్మదిగా వేడెక్కుతుంది, ఒకసారి వేడెక్కాక ఓ పట్టాన చల్లారదు. ధర చూసి మోసపోకండి, ఈ పనికి మాత్రం చవకైన సత్తుదే గొప్ప.

నన్నడిగితే ఈ విషయంలో మన్యం వాళ్ళు మనకంటే నయం. బొంగు చికెన్‌కి అంగుళాల గొడవే లేదు. బొంగు చూసి మాంసం ఎంతో తేలుస్తారు. పచ్చి బొంగులో తడి ఉంటుంది కాబట్టి నిప్పుల మీద కూడా గభాల్న కాలిపోదు, మూతికి ఆకులు కుక్కితే లోపలి ఆవిరికే మాంసం ఉడికిపోతుంది. కొలతా, పదార్థమూ రెండూ పాత్రలోనే ఉన్నాయి.

మన వంటల పుస్తకాల వాళ్ళు "ఎనిమిదంగుళాల పాన్" అని రాసి ఊరుకుంటారు. ఎత్తెంతో చెప్పరు, లోహమేదో చెప్పరు. కేకు పాడైతే పాపం ఓవెన్‌ని తిడతాం. ఇన్‌పుట్ సైజు చెప్పకుండా ఫంక్షన్ రాసిన వాణ్ణి కోడ్ రివ్యూలో వదుల్తామా? వీళ్ళనెందుకు వదలాలి?