హుస్సేన్ సాగరం ఒడ్డున ఒక పందెం

2023 ఫిబ్రవరిలో ఒక వారం పాటు పంజాగుట్ట చౌరస్తా దాటడం గగనమైపోయింది. కార్ల పందెం కొరకు హుస్సేన్ సాగరం చుట్టూ దారులు మూసివేయగా, అటు పోవలసిన వాహనాలన్నీ మా వైపు మళ్ళాయి. అబ్బాను వైద్యుని వద్దకు తీసుకొనిపోతూ అక్కడ చాలాసేపు చిక్కుకొన్నాము. అమీర్‌పేట, పంజాగుట్టల నడుమ 30 ఏండ్లు ఆటో నడిపిన మనిషి ఆయన. ఎర్రదీపం పడగానే ఇంజను ఆపమని మా ఆటోవానికి చెప్పక మానలేదు. నాకు మాత్రం ఆ పందెం పేరు వింటేనే కోపం వచ్చింది.

ఫిబ్రవరి 11, శనివారం మధ్యాహ్నం ఆ పందేన్నే టెలివిజన్‌లో చూచాము. భారతదేశంలో జరిగిన మొదటి ఫార్ములా ఈ పందెం అది. పెట్రోలు అక్కరలేని కార్లు. బ్రేకు వేసినప్పుడెల్లా చక్రాల వేగమే విద్యుత్తుగా మారి బ్యాటరీకి చేరుతుంది. పందెంలో వాడే శక్తిలో కనీసం 40 శాతం ఇట్లా తిరిగి సంపాదించుకొన్నదేనట. ఈ మాట చెప్పగానే అబ్బా కుర్చీలో ముందుకు జరిగారు.

అగ్రస్థానం నుండి బయలుదేరిన మిచ్ ఎవాన్స్‌ను మలుపు వద్ద ఢీకొన్నది మరెవరో కాదు, అతని జట్టువాడే సామ్ బర్డ్! జాగ్వార్ జట్టు ఆశలు అక్కడితో సరి. చివరి చుట్లలో ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ ముందు, న్యూజిలాండ్ వాడైన నిక్ కాసిడీ వెనుక. వెర్న్ బ్యాటరీలో శక్తి తక్కువ.

“ఎంత మిగిలింది బేటా?” అని అబ్బా పదే పదే అడిగారు.

1981లో స్పెయిన్‌లోని హరామాలో జిల్ విల్‌నెవ్, మలుపుల్లో మొండికేసే ఫెరారీతో నలుగురిని వెనుకనే నిలిపి గెలిచాడు. ఐదు కార్లూ 1.24 సెకండ్ల వ్యవధిలో గీత దాటాయి. ఆ కథ చెప్పబోయి ఊరకున్నాను. ఆయన చూపు తెర మీదనే ఉంది.

వెర్న్ అర సెకండు లోపు తేడాతో గెలిచాడు. మూడవవాడుగా వచ్చిన బ్యూమీ పరిమితికి మించిన పవరు వాడినందుకు శిక్ష పడి, ఆ స్థానం డా కోస్టాకు దక్కింది. అబ్బా దానికి మాత్రం నవ్వారు. 2024లో మరల జరుగవలసిన పందెం రద్దయింది.

మా ఇల్లు మూడవ అంతస్తు. రోజుకు ఒక్కసారికి మించి మెట్లు ఎక్కరాదని వైద్యుడు ఆ వారమే చెప్పాడు. ఆ రోజు ఉదయం నుండి అబ్బా గడప దాటలేదు. ఆ ఒక్కసారినీ అసర్ నమాజుకై దాచుకొన్నారు. వెంట రాబోతే చేయి ఊపి వద్దన్నారు. తిరిగి వచ్చేటప్పుడు, ప్రతి అంతస్తు వద్ద ఆయన చెప్పులు ఆగడమూ, కొంతసేపటికి మరల కదలడమూ పైనుండి వింటూ నిలబడ్డాను.