గుల్‌మర్గ్‌లో గడియారం

ఎల్బీ నగర్‌లో కాపురముండే మాకు మంచు అంటే సంక్రాంతి ముందు వేకువన విజయవాడ రోడ్డును కమ్మే పొగమంచే. అక్కడే పుట్టి పెరిగిన మా అబ్బాయి స్కీ నేర్చుకుంటానన్నాడు. తోడుగా నేనూ కాశ్మీరంలోని గుల్‌మర్గ్ వెళ్ళాను.

అక్కడి తీగబండి అఫర్వట్ కొండ మీద ఇంచుమించు 13,000 అడుగుల ఎత్తున దించుతుంది. గుర్తులు పెట్టిన బాట దాటి జారడమే మావాడి సరదా! ఆ కొండ మీదే 2023 ఫిబ్రవరిలో మంచు విరిగిపడి పోలెండు దేశస్థులిద్దరు పోయారు. అందుకని ముందు శిక్షణ కావాలన్నాను.

శిక్షకుడు చెప్పిన మొదటిమాట నాకు కొత్త. మంచు తనంతట తాను వచ్చి మీద పడటం తక్కువట. చాలామటుకు దాన్ని కదిలించేది అందులో చిక్కుకున్నవాడో, వాడి తోటివాడో. 30 నుంచి 45 డిగ్రీల వాలు మరీ ప్రమాదం. జారడానికి సరదాగా ఉండేదీ అదే మరి!

తరవాత పరీక్ష. ప్రతివారి ఒంటిమీదా ఉండవలసిన చిన్న రేడియో పరికరాన్ని ఒక సంచిలో పెట్టి మంచులో పూడ్చాడు. అది పంపే సంకేతాన్ని చేతిలోని జోడు పరికరంతో పట్టుకుంటూ పోవాలి. దగ్గర పడ్డాక పొడవాటి ఊచతో గుచ్చి చూడాలి. ఆపైన పారతో తవ్వాలి. కప్పడిపోయిన మనిషికి 15 నిమిషాలు దాటితే ఊపిరి దక్కడం కష్టం. కిందినుంచి సాయం వచ్చేదాకా ఆగే వ్యవధి ఎక్కడిది? పక్కవాడే దిక్కు.

"నాన్నా, గడియారం చూస్తూండు!" అని మావాడు పరుగెత్తాడు. 11వ నిమిషంలో ఊచకు సంచి తగిలింది. తవ్వి పైకి తీసేసరికి 19.

నేనేమీ అనలేదు. 2016లో సియాచిన్ మంచుకింద పూడిపోయిన 10 మంది సైనికుల్లో మన కర్నూలు జిల్లా సిపాయి కూడా ఉన్న సంగతి మనసులో మెదిలింది.

వాడు చెమట తుడుచుకుని, "మళ్ళీ పూడ్చండి" అన్నాడు శిక్షకుడితో హిందీలో.

రెండోసారి 16. మూడోసారికి చీకటి పడింది.

మర్నాడు వాడు గుర్తుల బాట మీదనే జారాడు.