బాయి దిగేదెవరు

మే 20, 2024 – పెంబర్తి

పది ఫలితాలొచ్చాయి. మా ఇంటర్ కాలేజీ అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరుగుతున్నాం. ఇవాళ జనగామ పక్కన పెంబర్తి. అరుగు మీద ఓ పెద్దాయన ఇత్తడి రేకును లక్క మీద అతికించి, సన్న ఉలితో పూరేకులు లేపుతున్నాడు. నాలుగు దెబ్బలు, ఆగి బొటనవేలితో తడమడం, మళ్లీ నాలుగు దెబ్బలు. 2010లో ఈ పనికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కొడుకు నేర్చుకున్నాడా అంటే, “వానికి ఓపిక లేదు సార్, పట్నంల కారు నడుపుతుండు. ఓపికంటే మనవరాలిదే. ఆడపిల్లకు ఈ పనెందుకని ఎవ్వరం నేర్పలే” అన్నాడు.

ఆ పిల్లకు మేం బైపీసీ రాశాం. అడిగింది పిల్ల కాదు, వాళ్ల నాన్న, ఫోన్లో.

మే 23 – మానుకోట (మహబూబాబాద్)

మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లికి 2023లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. మంచిదే. కానీ తల్లిదండ్రుల నోట ఇప్పుడు బైపీసీ తప్ప ఇంకో గ్రూపు పేరే రావట్లేదు. ఈ జిల్లా చినగూడూరులో పుట్టిన కవి దాశరథి టీచరు, బ్యాంకు గుమస్తా, పంచాయతీ ఇన్‌స్పెక్టరు, రేడియో ఉద్యోగి. కవిత్వం మాత్రం ఏ ఉద్యోగంలోనూ మానలేదు. ఆయన్ని ఏ గ్రూపులో వేసేవాళ్లమో!

మే 30 – భూపాలపల్లి

సింగరేణి క్వార్టర్లు. ఇక్కడ కొలువు చాలా ఇళ్లలో తండ్రి నుంచి వస్తుంది. కొత్తగూడెంలో మెడికల్ బోర్డు తండ్రిని అన్‌ఫిట్ చేస్తే, కారుణ్య నియామకం కింద కొడుకు బొగ్గు బాయి దిగుతాడు.

నా పాత విద్యార్థి ఒకడు బీటెక్ చేసి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని వదిలేసి అలాగే బాయి పనికి వచ్చాడు. జాలిపడబోయాను. వాడు నవ్వాడు. “కంప్యూటర్ ముందర కూసుంటే పక్కసీటు వాడెవడో తెల్వదు సార్. బాయిల నా నెత్తి మీద రూఫ్ మంచిగున్నదో లేదో నాకంటే ముందు పక్కోడు చూస్తడు.” నలుగురితో కలిసి బతికే గుణం వాడిది, క్లాసులోనూ అంతే. చదువుకు తగని పని, మనిషికి తగింది.

ఎదురు క్వార్టర్ కుర్రాడు బీఎడ్. అతనిదీ అదే కారుణ్య నియామకం, అదే జీతం. ట్యూషన్‌లో లెక్కలు చెబుతుంటే పిల్లలు కదలరట. బాయిలో మాత్రం ఊపిరాడదంటాడు. నాగాలు ఎక్కువై హాజరు మస్టర్లు నిండలేదు, పర్మినెంట్ కాలేదు. వాళ్లమ్మ నాతో, “మీరన్న చెప్పుండ్రి సార్” అంది. ఏం చెప్పాలి? తండ్రి మందుల ఖర్చు ఆ జీతం మీదే.

ఎవరికి ఏ పని తగునో సలహా చెప్పడానికి బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ 1908లోనే ఓ కేంద్రం తెరిచాడు. ముందు నీ సంగతి, తర్వాత పని సంగతి తెలుసుకుని, రెండూ పొసుగుతాయో లేదో చూసుకోమన్నాడు. ఈ ఇద్దరినీ అడిగాను, చేరేముందు ఈ పని ఇష్టమేనా అని ఎవరైనా అడిగారా అని. ఇంట్లోనూ ఆఫీసులోనూ ఎవరూ అడగలేదట.

కాలేజీలో మేమూ అడగలేదు. ఈ జూన్ నుంచి గ్రూపు రాసేముందు పిల్లలతో విడిగా పది నిమిషాలు కూర్చోవాలని ప్రిన్సిపాల్‌కు రాసిస్తున్నాను.